తొలకరికి ముందే టీకా



రోహిణి కార్తె నడుస్తున్నది. మంజీరలో ఇసుక తేలి ఉన్నది. మెదకు చుట్టుప్రక్కల ఊళ్ళలో దుక్కులు ఎండుచున్నవి. విత్తనాల కొరకు, ఎరువుల కొరకు తిరుగుడు మొదలైనది. మృగశిర ప్రవేశించగానే నాలుగు చినుకులు పడతాయని అందరము మొగులు వైపు చూస్తూ ఉన్నాము. ఈ రోజులలో నేను కనబడితే మీరు ఏ వరి రకం వేయాలి, మక్కకు యూరియా ఎంత వేయాలి అని అడుగుతారు. ఈనాడు ఆ సంగతులు కాస్త ప్రక్కన పెట్టి, మీ కొట్టంలోని బర్రె గురించి, దొడ్డిలోని గొర్రెల మంద గురించి నాలుగు మాటలు చెప్పదలచినాను.

నేను పశువైద్యుడను కాను. వ్యవసాయ డిప్లొమా చదివి విస్తరణాధికారిగా పనిచేయుచున్న వాడను. మందు తెచ్చి సూది వేయవలసినవారు పశువైద్య శాఖవారు. అయితే ఊరిలో నలుగురిని కూర్చుండబెట్టి, సంగతి విప్పి చెప్పి ఒప్పించే పని నాకు కూడా ఉన్నది. పైగా ఈ విషయంలో మా ఇంట జరిగిన నష్టము ఒకటి ఉన్నది. ముందు అది చెప్పి, తరువాత అసలు సంగతికి వస్తాను.

నేను తొమ్మిదవ తరగతి చదివే రోజులలో మాకు మూడు బర్రెలు, ఒక జత ఎడ్లు ఉండెను. ఆ యేడు తొలకరి గట్టిగా పడ్డది. నాలుగు దినాలు ముసురు పట్టింది. ఒకనాటి తెల్లవారుజామున పెద్ద బర్రె మేత ముట్టలేదు. ఒళ్ళు కాలిపోతున్నది, నోటి వెంట సొంగ కారుతున్నది. మధ్యాహ్నానికి గొంతు క్రింద వాచింది. సాయంత్రానికి ఊపిరి తీసినప్పుడల్లా గుర్రు గుర్రుమని చప్పుడు. మా నాయన పసరు పోయించినాడు, వాపు మీద వాత పెట్టించినాడు. తెల్లవారేసరికి బర్రె లేదు. అది గొంతువాపు రోగము. దీనినే గురక వ్యాధి అని కూడా అంటారు.

అప్పుడు పరుగెత్తి కబురు చెప్పినాము. మరునాడు టీకా మందు వచ్చింది. మిగిలిన రెండు బర్రెలకు, ఎడ్లకు సూదులు వేసినారు. మూడవనాడు ఇంకొక బర్రె, నాలుగవనాడు ఒక ఎద్దు పోయినవి. మా నాయన కొట్టం ముందర కూలబడి, "సూదేపిచ్చినా పాయె. ఇగ ఆ సూదెందుకు?" అన్నాడు.

ఆ మాట మా ఇంటితో ఆగలేదు. మా నాయన మాటకు ఊరిలో విలువ ఉండెను. తరువాతి రెండు మూడు వేసవులలో టీకాలు వేసేవారు ఊరికి వచ్చినా మా వాడకట్టులో ఎవరూ పశువులను బయటకు తోలలేదు. ఒక యేడు గొంతువాపు మళ్ళీ వచ్చింది. ఈసారి మా పాలివాళ్ళ ఇంట రెండు పాడిబర్రెలు పోయినవి. ఆ ఇల్లు ఆ పాలమీదనే గడిచేది. ఆ ఇంటి పెద్దమ్మ మా నాయనను ఒక్క మాట అనలేదు. ఆమె అనకపోవుటే ఆయనకు ఎక్కువ బాధ అయింది.

తరువాత చదువులో పడ్డాక నాకు తెలిసిన సంగతి ఇది. ఆనాడు టీకాలో లోపము లేదు. మేము వేయించిన వేళలో లోపము ఉన్నది. వచ్చిన రోగమును పోగొట్టుటకు వేరే మందులు ఉన్నవి. టీకా అనునది రాబోయే రోగమునకు పశువు శరీరమును ముందుగా సిద్ధము చేయును. ఆ సిద్ధమగుటకు సుమారు 2, 3 వారాల గడువు కావలెను. మా పశువులకు సూది పడేనాటికే క్రిమి ఒంట్లో ప్రవేశించి ఉన్నది. ఈ ఒక్క మాట ఆనాడు మా నాయనకు ఎవరూ చెప్పలేదు. అందుకే ఈనాడు మీకు చెప్పుచున్నాను.

ఆ 2, 3 వారాలలో పశువు ఒంట్లో ఏమి జరుగునో చూద్దాము. మీరు మక్కచేనుకు మంచె వేసి కావలి పెడతారు గదా. కొత్తగా కుదిరిన కావలివానికి అడవిపంది ఏ దారిన వచ్చునో, దానిని ఎట్లా తరమాలో తెలియదు. తెలుసుకునేలోగా సగం చేను పోవును. మరొకసారి పంది వచ్చేనాటికి వాడు దారి కాచి కూర్చుండును. పశువు నెత్తురులో కూడా ఇటువంటి కావలి ఉన్నది. వీటిని తెల్లకణాలు అంటారు. కొత్త క్రిమి ఏదైనా ఒంట్లో దూరినప్పుడు ఈ తెల్లకణాలు దాని రూపును గుర్తుపట్టి, తాళానికి తాళపుచెవి మాదిరిగా సరిగ్గా ఆ క్రిమికే అతుక్కునే పదార్థాలను తయారుచేయును. వీటిని ప్రతిరక్షకాలు అంటారు, ఇంగ్లీషులో యాంటీబాడీలు అంటారు. ఇవి క్రిమిని అంటిపట్టుకుని దాని ఆట కట్టించును.

చిక్కంతా ఎక్కడ ఉన్నదంటే, మొదటిసారి ఈ తయారీకి వారాలు పట్టును. గొంతువాపు క్రిమి అంత గడువు ఇవ్వదు. రోగము బయటపడిన ఒకటి రెండు దినాలలోనే పశువును తీసుకునిపోవును. కావలి మేలుకునేలోగా చేను పోయినట్లే.

టీకా మందులో ఉండేది ఆ క్రిమియే. అయితే దానిని చంపి అయినా ఉంచుతారు, లేదా బలము తగ్గించి అయినా ఉంచుతారు. గొంతువాపు, జబ్బవాపు, గాలికుంటు టీకాలలో ఉండేవి చచ్చిన క్రిములు. గొర్రెలకు, మేకలకు వచ్చే పారుడు రోగము పీపీఆర్‌కు వేసే టీకాలో ఉండేది బలము తగ్గించిన బ్రతికిన క్రిమి. చచ్చిన పందిని కావలివానికి చూపి, దీని గిట్ట ఇట్లా ఉంటుంది, ఈ దారిన వస్తుంది, గుర్తుపెట్టుకో అని చెప్పినట్లు అన్నమాట. చేనుకు నష్టం లేదు, కావలివానికి పాఠం వచ్చింది. రేపు నిజమైన క్రిమి వచ్చినప్పుడు ఆ కావలి వారాల కొద్దీ తడుముకోదు, వెంటనే లేచి నిలబడుతుంది.

కొన్ని తెల్లకణాలు ఈ పాఠాన్ని జ్ఞాపకం పెట్టుకుని నిలిచి ఉండును. కానీ జ్ఞాపకము అన్ని రోగాలకు ఒకే తీరుగా నిలువదు. పీపీఆర్ టీకా ఒకసారి వేస్తే సుమారు 3 సంవత్సరాలు కాపాడును. గొంతువాపు, జబ్బవాపు టీకాలు యేటేటా వేయించవలెను. గాలికుంటు టీకా బలము సుమారు 6 నెలలే కాబట్టి యేటికి రెండుసార్లు కావలెను. "పోయిన యేడు ఏపిచ్చిన గదా సారూ" అని కొందరు అంటారు. పోయిన యేడు విత్తిన చేనులో ఈ యేడు విత్తకుండా పంట కోస్తామా?

దూడల సంగతి కొంత వేరు. తల్లి కడుపులో ఉన్నప్పుడు దూడకు తల్లి ప్రతిరక్షకాలు చేరవు. అవి చేరేది జున్నుపాల ద్వారానే. ఆ జున్నుపాలలోని రక్షణను దూడ పేగు మొదటి దినము మాత్రమే బాగా పీల్చుకొనగలదు, గంటలు గడిచిన కొలది ఆ శక్తి తగ్గును. మావి పడేదాకా దూడకు పాలు కుడుపరాదని కొన్ని ఇళ్ళలో ఇంకా అంటారు. అది దూడ నోటి దగ్గరి రక్షణను నేలపాలు చేయుటే. పుట్టిన గంటలోపే జున్నుపాలు త్రాగించండి. తల్లి ఇచ్చిన ఈ రక్షణ కొన్ని నెలలలో తరిగిపోవును. అది ఒంట్లో నిండుగా ఉన్నప్పుడు టీకా వేస్తే టీకా సరిగా పట్టదు. అందుకే గాలికుంటు టీకా మొదటిసారి దూడకు 4 నెలల వయసులో వేసి, నెల తరువాత మరొకసారి వేస్తారు. ఆ రెండవ సూదిని మానవద్దు. మొదటిది పాఠం చెప్పును, రెండవది గట్టి చేయును. మీ ఇంటి పసిపిల్లకు ఆరోగ్య కార్యకర్త ఒకే టీకాను నెలల తేడాతో రెండు మూడుసార్లు వేసేది కూడా ఇందుకే.

మొన్న ఒక ఊరి రైతు వేదికలో ఈ మాటలు చెప్పుచుండగా ఒక కురుమ పెద్దాయన లేచినాడు. భుజాన గొంగడి, చేత కట్టె.

"అంత మంచిగనే చెప్పినవు బిడ్డా. గని సూడి గొర్లకు సూదేపిస్తే ఈసుకపోతయి గదా?" అని అడిగినాడు.

"మంచి ప్రశ్న అడిగినవు పెద్దయ్యా" అన్నాను. "గొర్రెను కాళ్ళు పట్టి ఈడ్చి, క్రింద పడవేసి, మంద అంతా బెదిరేట్టు సూది వేస్తే సూడి గొర్రెకు దెబ్బ తగులుతది. ఆ పాపము పట్టిన చేతిదే. నెమ్మదిగా పట్టి వేయించాలె. ఇంకొక మాట. చిటుక రోగం టీకాను ఈనుటకు నెల, నెలన్నర ముందు సూడి గొర్రెకు వేస్తే, ఆ రక్షణ జున్నుపాలలో దిగి పిల్లకు కూడా చేరుతది. ఒక్క సూదికి రెండు ప్రాణాలు. ఏ గొర్రెకు వేయాలె, దేనికి ఆపాలె అనేది డాక్టరు సారును అడిగి చేద్దాం."

పెద్దాయన కాసేపు ఆలోచించి, "గట్లయితే పట్టుడు మేమే పడతం. మా చేతులకు గొర్లు బెదరవు" అన్నాడు. నాకు అంతకన్న మంచి జవాబు ఎవరూ చెప్పలేదు.

మిగిలిన అనుమానాలు కూడా చెప్పుకుందాము. టీకా వేసిన తరువాత ఒకటి రెండు దినాలు కొద్దిగా ఒళ్ళు కాగవచ్చును, పాలు తగ్గవచ్చును, సూది దిగినచోట చిన్న గడ్డ కట్టవచ్చును. కావలి మేలుకొన్నదనుటకు అది గుర్తు. ఆ రెండు దినాల పాలకు వెరచి బర్రెనే పోగొట్టుకోవద్దు. రోగముతో ఉన్న పశువుకు, బాగా చిక్కిన పశువుకు టీకా సరిగా పట్టదు. వారం, పది దినాలు ముందుగా నట్టల మందు త్రాగించి, కడుపునిండా మేత పెట్టి తీసుకురండి. ఎండ ముదరకముందు, ఉదయం పూట వేయించండి.

మందు చల్లదనము గురించి మీరు కూడా ఒక కన్ను వేసి ఉంచవలెను. టీకా మందు 2 నుండి 8 డిగ్రీల చల్లదనంలో ఉండవలెను. వేడి తగిలితే చెడిపోవును. చచ్చిన క్రిములతో చేసిన మందు గడ్డకట్టినా చెడిపోవును. రెండు విధాల చెడిన మందూ చూపుకు మంచిదిగానే కనబడును, పనిమాత్రం చేయదు. అందుచేత సిబ్బంది మంచుపెట్టెతో వచ్చేసరికి పశువులను ఒకచోట కట్టి సిద్ధంగా ఉంచండి. మీరు బర్రెను వెదకుటకు చెరువు గట్టుకు పోతే, పెట్టె మూత తెరిచి మూసి, తెరిచి మూసి, మధ్యాహ్నానికి మంచు కరిగిపోవును. సూది మొనను ఒక పశువుకు వాడినదానిని మరొకదానికి వాడకుండా చూడమని అడుగుట మీ హక్కు.

ఇక ఊరందరికీ సంబంధించిన మాట. మందలో ఒకటి రెండింటికి టీకా వేస్తే ఆ ఒకటి రెండింటికే మేలు. నూటికి 80కి తక్కువ కాకుండా వేస్తే రోగము ఒక పశువు నుండి మరొకదానికి పాకుటకు దారి దొరకదు. అప్పుడు టీకా వేయరాని లేగకు, ముసలి ఆవుకు కూడా చుట్టూ ఉన్న పశువులే కంచె అగును. ఏడుపాయల జాతరకు శివరాత్రినాడు మంజీర ఒడ్డున ఎన్ని ఊళ్ళ ఎడ్లబండ్లు కూడునో మీరు ఎరుగుదురు. అంగడిలో, జాతరలో, చెరువు నీటి దగ్గర మీ పశువు ప్రక్కన ఎవరి పశువు నిలబడునో మీరు ఎంచుకొనలేరు. మీ పశువుకు ముందుగా కావలి పెట్టుట మాత్రం మీ చేతిలో ఉన్నది.

టీకా ఉన్నది గదా అని శుభ్రతను మరువరాదు. క్రిమికి దారి మూయుట ఒక చెయ్యి, టీకా వేయించుట రెండవ చెయ్యి. కొత్తగా కొన్న పశువును కనీసం 3, 4 వారాలు విడిగా కట్టండి. 2017 జూన్‌లో మన పాత మెదకు జిల్లాలోని కొండపాకలో గొర్రెల పంపిణీ మొదలైనప్పుడు 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున మందలు వచ్చినవి. వీటిలో చాలా భాగము వేరే రాష్ట్రాలలో కొని తెచ్చినవి. ఎంతో దూరము లారీలో నిలబడి వచ్చిన గొర్రెకు ఒంట్లో బలము తగ్గి ఉండును. తీసుకొచ్చిననాడే ఇంటి మందలో కలిపితే దాని రోగము దీనికి, దీని రోగము దానికి. ఇది గొర్రెకే కాదు, అంగడిలో కొన్న బర్రెకు కూడా వర్తించును. గొంతువాపు క్రిమిని గొంతులోనే దాచుకుని, చూచుటకు ఆరోగ్యంగా తిరిగే పశువులు ఉండును. ప్రయాణము, ఆకలి, ముసురు వాన, దుక్కి శ్రమ కలిసినప్పుడు ఆ క్రిమి లేచును.

రోగము సోకిన పశువును వెంటనే వేరు చేయండి. దాని నీళ్ళతొట్టిని, మేత గంపను మంద దగ్గరకు తేవద్దు. ముందు మంచి పశువులకు సేవ చేసి, చివరకు జబ్బు పశువు దగ్గరకు పోవలెను, చేతులు కాళ్ళు సబ్బుతో కడుగుకొనవలెను. గాలికుంటు వచ్చినప్పుడు లీటరు నీటికి 40 గ్రాముల బట్టలసోడా కలిపి కొట్టం నేలను కడగండి.

చచ్చిన పశువును వాగులో పడవేయవద్దు. ఆరడుగుల గొయ్యి తీసి, సున్నము చల్లి పూడ్చండి. ముక్కు నుండి, మలద్వారము నుండి గడ్డకట్టని నల్లని రక్తము కారుతూ పశువు హఠాత్తుగా పడిపోతే దొమ్మరోగమని అనుమానించండి. ఆ కళేబరాన్ని కోయవద్దు, తోలు తీయవద్దు, మాంసము పంచుకోవద్దు. గాలి సోకితే ఆ క్రిమి గట్టి పెంకు కట్టుకుని మట్టిలో పదుల యేండ్లు బ్రతుకును, మనుషులకు కూడా సోకును. అదే విధంగా ఈసుకపోయిన పశువు మావిని వట్టి చేతులతో తీయవద్దు, పచ్చిపాలు త్రాగవద్దు. బ్రూసెల్లా అనే రోగము ఈ దారిన మనిషికి వచ్చి నెలల తరబడి జ్వరముతో, కీళ్ళ నొప్పులతో పీడించును. దీనికి 4 నుండి 8 నెలల ఆడదూడలకు జీవితములో ఒకేసారి టీకా వేస్తారు. ఆ వయసు దాటనివ్వవద్దు.

"ఇన్ని చేసినా రోగాలు పోతాయా?" అని మీరు అడగవచ్చును. పోతాయి అనుటకు మన కళ్ళముందు సాక్ష్యము ఉన్నది. మీ ఇంటి ముసలివాళ్ళను ముసర రోగము గురించి అడగండి. రిండర్‌పెస్ట్ అన్నది అదే. అది వచ్చిందంటే కొట్టాలకు కొట్టాలే ఖాళీ అయ్యేవి. నోరు పూసి, పారుడు పట్టి, వారం దినాలలో పశువు పడిపోయేది. కుమావూ కొండలలోని ముక్తేశ్వరం ప్రయోగశాలలో 1920ల నాటికి ఎడ్వర్డ్స్ అనే శాస్త్రజ్ఞుడు ఈ రోగపు క్రిమిని మేక నుండి మేకకు వందల సార్లు ఎక్కించి, దాని బలము తగ్గించి టీకాగా మార్చినాడు. 1954లో దేశమంతటా ముసర నిర్మూలన పథకము మొదలైనది. ఊరూరా తిరిగి, పశువు పశువుకూ సూదులు వేసినారు. మన దేశములో ఆ రోగము చివరిసారి కనబడినది 1995లో. 2011లో భూమి మీదనే ఆ రోగము లేదని ప్రకటించినారు. మనిషి ప్రయత్నముతో ప్రపంచము నుండి పూర్తిగా పోయిన రోగాలు ఇంతవరకు రెండే. ఒకటి మనుషుల మశూచి, రెండవది పశువుల ముసర. ఇప్పుడు ముసరకు టీకా ఎవరూ వేయరు, వేయవలసిన పని లేదు. మీ పిల్లలకు ఆ పేరే తెలియదు.

గాలికుంటును కూడా అదే దారిన పంపుటకు 2019లో జాతీయ కార్యక్రమము మొదలైనది. టీకా ఉచితము. పశువు చెవికి 12 అంకెల పోగు వేసి లెక్క వ్రాస్తారు. ఆ పోగును పీకివేయకండి. ముసర క్రిమికి దగ్గరి చుట్టమైన పీపీఆర్‌ను 2030 నాటికి ప్రపంచములో లేకుండా చేయవలెనని సంకల్పము. ఇవన్నీ జరుగునో జరగదో మీ వాకిట్లో పశువును పట్టి నిలబెట్టుట మీద ఆధారపడి ఉన్నది.

చివరగా మళ్ళీ ఒకసారి చెప్పుచున్నాను, గుర్తుంచుకోండి. గొంతువాపు, జబ్బవాపు టీకాలు వానలకు ముందే, అంటే మే నెలలో గాని జూన్ మొదట గాని. గొర్రెలకు చిటుక రోగం టీకా కూడా అప్పుడే. తొలకరి లేతగడ్డి ఆబగా మేసినప్పుడే ఆ రోగము విరుచుకుపడును. గాలికుంటుకు యేటికి రెండుసార్లు. పీపీఆర్‌కు 3 నెలలు నిండిన పిల్లలనుండి. మీ ఊరికి ఏనాడు వస్తారో పశువైద్యశాలలో ఇప్పుడే అడిగి, ఆ తేదీని గోడమీద వ్రాసి పెట్టుకోండి.

మా నాయన ఇప్పుడు పెద్దవాడైనాడు. టీకా బండి వచ్చిననాడు ఉన్న ఒక్క బర్రెను అందరికన్న ముందు తోలుకునిపోయి నిలబడతాడు. పాలివాళ్ళ పెద్దమ్మ బర్రెను కూడా తానే పట్టుకుని నిలబడతాడు. నేను ఈ సంగతులన్నీ మొదటిసారి ఆయనకు చెప్పిననాడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఈ ముక్క అప్పుడే ఎవలన్న చెప్తే అయిపోవు గద బిడ్డా" అన్నాడు.

ఇప్పుడు మీకు చెప్పినాను. మీరు మీ ప్రక్కింటివారికి చెప్పండి. చినుకు పడకముందే చెప్పండి.